ఈ కథలో దొర ఎవరు?

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి



2023 ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం. ఇంటర్మీడియేట్ పరీక్షలు వ్రాసి అప్పుడు నేను ఇంటి దగ్గరే వున్నాను. మా మూడెకరాల యాసంగి వరి కోతకు వచ్చి వుంది. నాలుగు రోజుల్లో కోత మిషన్ వస్తుందని నాయిన మాట్లాడుకొని వచ్చాడు. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ ఒక్కసారిగా చల్లబడింది. పడమటి దిక్కున మబ్బు కమ్ముకొచ్చింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు రాళ్ళవాన. ఇంటి రేకుల మీద ఆ చప్పుడుకు పక్కనున్న మనిషి మాట గూడ వినిపించలేదు.

ఆగినాక టార్చిలైటు పట్టుకొని నేనూ నాయినా పొలానికి పోయాం. వరి నిలబడే వుంది. కాని గొలుసులన్నీ ఖాళీ! గింజంతా మడి నీళ్ళలో రాలిపోయింది. నాయిన ఒడ్డు మీద కూలబడ్డాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"నువ్వు సైన్సు సదువుతున్నవు గద బిడ్డా. గిది ఎవలు చేసిన్రో చెప్పు."

నేను నాకు తెలిసింది చెప్పాను. క్యుములోనింబస్ అనే మబ్బు వుంటుందనీ, దాని లోపల గాలి పైకి ఎగదన్నుతుందనీ, నీటిబొట్టు పైన గడ్డకట్టి కిందికి పడుతూ మళ్ళీ పైకి లేస్తూ రాయి అవుతుందనీ.

నాయిన విన్నాడు. విని అన్నాడు: "మబ్బు పేరు నేనడగలేరా. ఎవలు చేసిన్రని అడిగిన."

ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఈ రెండేళ్ళలో మన లైబ్రరీలో భౌతికశాస్త్రం బీరువా దగ్గర కొంత వెదికాను. దొరకలేదు. తెలుగు సాహిత్యం బీరువా దగ్గర గూడ వెదికాను. అక్కడ దొరికినదీ, దొరకనిదీ మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు పుటలు. సైన్సు విద్యార్థికి నవలల గొడవ ఎందుకని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నవ్వండి. కాని చివరిదాకా చదివి నవ్వండి.

మన నవలకు శత్రువు ముఖం తెలుసు

మన తెలంగాణ నవల ఎక్కడ పుట్టింది? కష్టంలో పుట్టింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చదివినా, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చదివినా మనకు ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. అన్యాయానికి ముఖం వుంది. దానికి గడీ వుంది, పేరు వుంది, వెట్టి చేయించే నోరు వుంది. చదివే మనిషికి కోపం ఎవరి మీద రావాలో తెలుస్తుంది. ఆ కోపంలోంచి గదా చైతన్యం వచ్చింది!

1943లో అభ్యుదయ రచయితల సంఘం, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడ్డాయి. వారి అభిప్రాయాలతో ఏకీభవించేవారూ వున్నారు, విభేదించేవారూ వున్నారు. ఆ చర్చ ఇక్కడ నాకు పని లేదు. నేననేది ఒక్కటే: రచయిత ఊరికే వ్రాసి కూర్చుంటే చాలదు, పక్షం వహించాలి అన్న మాట తెలుగు నేలకు కొత్త కాదు. మన తాతల నాటినుంచీ వింటున్నదే.

ఐతే ఇప్పుడొచ్చిన కష్టం వేరు. రాళ్ళవానకు గడీ లేదు. వడగాలికి పేరు లేదు. మిరుగం దాటి ఇరవై రోజులైనా చినుకు పడకపోతే ఎవరి ఇంటి ముందు కూర్చొని అడగాలి? మన నవలకు అలవాటైన ఆయుధం — శత్రువును చూపించటం — ఇక్కడ మొద్దుబారిపోతోంది. ఈ కథలో దొర ఎవరు? ఇదే నా ప్రశ్న. ఇది మా నాయిన ప్రశ్నే, కొంచెం చదువుకున్న మాటల్లో!

శాస్త్రం ఎంతవరకు చెబుతుంది?

ముందు శాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం. బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే లెక్క కట్టాడు. హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్ళలో 315 పాళ్ళు వుండేది. 2024 నాటికి అది 420 దాటింది. 2024వ సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత, పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువగా నమోదైంది.

ఒకటిన్నర డిగ్రీ అంటే ఎంత? రోహిణి కార్తెలో రోకళ్ళు పగిలే ఎండ చూసిన మనకు అది లెక్కలోకి రాదు. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. మోసినది ఎక్కడో ఒకచోట కుమ్మరించాలి గదా! 1950 నుంచి 2015 వరకు లెక్కలు తీసి చూస్తే, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వర్షాలు మూడింతలయ్యాయని 2017లో మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఒక్కరోజులో అంత వాన నమోదు కాలేదు. అదే సమయంలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా నీటిలో మునిగి, జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు.

ఇంతవరకు శాస్త్రం చెబుతుంది. కాని ఫలానా ఏప్రిల్ సాయంత్రం, ఫలానా మూడెకరాల మీద పడిన రాళ్ళవానకు ఇదే కారణమని చెప్పమంటే నిజాయితీ గల శాస్త్రవేత్త చెప్పడు. "ఇటువంటివి జరిగే అవకాశాలు మారుతున్నాయి" అంటాడు. అది సరియైన జవాబే. కాని ఒడ్డు మీద కూలబడ్డ మనిషికి "అవకాశాలు" అనే మాట చెప్పి చూడండి! ఆ మనిషికీ ఆ లెక్కకూ మధ్య ఒక ఖాళీ వున్నది. ఆ ఖాళీని పూడ్చే పని శాస్త్రానిది కాదు. కథది. అంచేతనే నేను రెండో బీరువా దగ్గరకు పోయాను.

ఒక విద్యార్థి చూసిన సుడిగాలి

1978 మార్చి 17న ఢిల్లీ నగరం ఉత్తర భాగంలో ఒక సుడిగాలి వచ్చింది. ఆ ప్రాంతంలో ఎన్నడూ ఎరగని గాలి. అప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఒక బెంగాలీ విద్యార్థి దాని దారిలోనే చిక్కి, ఒక బాల్కనీ చాటున నక్కి ప్రాణంతో బయటపడ్డాడు. ఆయనే తర్వాత నవలాకారుడైన అమితావ్ ఘోష్. జ్ఞానపీఠం గూడ అందుకున్నారు. ఆయన తన జీవితంలో అంత పెద్ద అనుభవాన్ని ఎన్నిసార్లు ప్రయత్నించినా ఏ నవలలోనూ పెట్టలేకపోయానని 2016లో వెలువడిన 'ది గ్రేట్ డిరేంజ్‌మెంట్' అనే గ్రంథంలో చెప్పుకున్నారు. ఎందుకు? పెడితే "ఇది నమ్మేటట్లు లేదు, కల్పించావు" అంటారని! నవల అంటే రోజూ జరిగేది వ్రాయాలి, వందేళ్ళకొకసారి జరిగేది వ్రాస్తే కట్టుకథ అవుతుందని మనకొక అలవాటు పడిపోయింది. ఇప్పుడేమో వందేళ్ళకొకసారి జరగవలసినవి ఐదేళ్ళకొకసారి జరుగుతున్నాయి. జీవితమే నమ్మశక్యం కానిదైంది. నవల మాత్రం ఇంకా నమ్మశక్యంగా వుండాలని భీష్మించుకొని కూర్చున్నది!

ఆయన అక్కడితో ఆగలేదు. సుందరవనాల తుఫాను మీద 2004లో 'ది హంగ్రీ టైడ్', వలసలూ వేడెక్కే సముద్రాలూ కలిపి 2019లో 'గన్ ఐలాండ్' వ్రాశారు. విమర్శించి వూరుకోకుండా తానే చేసి చూపటం నాకు నచ్చింది.

మరి మన తెలుగులో ఏమీ లేదా? లేదని నేననను. పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చిన సంగతి మన తెలుగు మాస్టార్లు ప్రతి తరగతికీ చెబుతారు. ఆ కథలో ఒక రాత్రి తుఫానులో ఒక పెద్దమనిషి కట్టుకున్న నియమాలన్నీ కూలిపోతాయి. గొప్ప కథ. కాని గమనించండి: ఆ గాలివాన వచ్చింది, పరీక్ష పెట్టింది, తెల్లవారేసరికి వెళ్ళిపోయింది. ఇప్పుడొచ్చిన గాలివాన తెల్లవారితే వెళ్ళేది కాదు.

కేశవరెడ్డిగారు మనకు దూరం వారేమీ కాదు. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరుగా ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆయన 'అతడు అడవిని జయించాడు'లో తప్పిపోయిన పంది కోసం ఒక ముసలివాడు రాత్రిపూట అడవిలోకి పోతాడు. అడవి అంటే కవుల వర్ణన కాదని, మనిషికంటె బలమైనదని ఆ చిన్న నవల చదివితే తెలుస్తుంది. సిరిసిల్ల ప్రాంతపు రచయిత పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' వ్రాశారు. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం అది. ఎలుగును వదిలించుకుంటే భూమి దక్కుతుందన్న ఆశ ఒకవైపు, బిడ్డలా సాకిన ప్రాణి ఒకవైపు. ప్రకృతిని కాపాడాలి అని నినాదం ఇచ్చినంత సులువు కాదు, ఆ కాపాడటంలో ఎవరి కడుపు మీద దెబ్బ పడుతుందో చూడమని ఆ నవల మెడవంచి చూపిస్తుంది. చంద్రలతగారు 'రేగడి విత్తులు'లో నేల వెదుక్కుంటూ వలసపోయిన రైతు కుటుంబాల కథ చెప్పి 1997లో తానా బహుమతి అందుకున్నారు. తర్వాత 2003లో ఆనకట్ట చుట్టూ, నీళ్ళ చుట్టూ, ముంపు చుట్టూ 'దృశ్యాదృశ్యం' వ్రాశారు. ఆ పేరు చూడండి. కనిపించేదీ, కనిపించనిదీ! ఆనకట్ట కనిపిస్తుంది. దాని కింద ఏమున్నదో కనిపించదు.

అంటే దారి లేదని కాదు, దారి పడింది. నడిచేవాళ్ళే తక్కువ.

రచయిత రోడ్డెక్కవచ్చునా?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా హాస్టల్ మిత్రులతో చాలా రాత్రులు ఈ వాదన జరిగింది. "రచయిత పని వ్రాయటం. జెండా పట్టుకొని రోడ్డెక్కితే రచన కరపత్రం అయిపోతుంది" అని వారి వాదం. ఇందులో సగం నిజం వుంది. ఆ సగాన్ని తర్వాత ఒప్పుకుంటాను. ముందు మిగతా సగం చూద్దాం.

మన పొరుగున కన్నడ దేశంలో శివరామ కారంత్ అని మహానుభావుడుండేవారు. 'మూకజ్జియ కనసుగళు' నవలకు జ్ఞానపీఠం అందుకున్నారు. నవలలే కాదు, పిల్లల కోసం విజ్ఞాన సర్వస్వం వ్రాశారు. యక్షగానం నేర్చి ఆడారు. ఉత్తర కన్నడ అడవుల్లో కాళీ నది ఒడ్డున కైగా దగ్గర అణువిద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు ఆయన ఎదురు నిలిచారు. 1989లో లోక్‌సభ ఎన్నికల్లో ఆ ప్రాంతం నుంచి నిలబడ్డారు. అప్పటికి ఆయనకు 87 ఏళ్ళు! ఓడిపోయారు. కైగా కేంద్రం 2000లో వాణిజ్యపరంగా కరెంటు అందించటం మొదలుపెట్టింది. మరి ఆయన ఓటమి వృథాయేనా? 1994లో, ఇంకా కడుతుండగానే, ఆ కేంద్రపు గుమ్మటంలో కొంత భాగం విరిగి కింద పడింది. కట్టేవాళ్ళను ప్రశ్నలడిగే మనిషి ఒకడు వుండటం అవసరమని చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి? అణువిద్యుత్తు బొగ్గుపులుసు వాయువును అంతగా వదలదని ఈనాడు శాస్త్రం చదివిన నేను కారంత్‌గారితో వాదించగలను. కాని 87 ఏళ్ళ వయసులో వీధుల్లో తిరిగి ఓట్లడిగిన ఆ మనిషిని చూసి, 20 ఏళ్ళ వయసులో గదిలో కూర్చున్న నేను తలవంచుకోవలసిందే.

అరుంధతీ రాయ్‌కు 1997లో బుకర్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా మరో నవల వ్రాయమని అడుగుతుంటే ఆమె నర్మదా లోయకు పోయి, 1999లో ముంపు బాధితుల పక్షాన పెద్ద వ్యాసం వ్రాశారు. కోర్టు ధిక్కారం కింద 2002లో సుప్రీంకోర్టు ఆమెకు ఒకరోజు జైలు, 2,000 రూపాయల జరిమానా విధించింది. ఆమె మాటలన్నీ సరియైనవని అనను. ఆమె వాదనలో ఆవేశం పాలు ఎక్కువని పెద్దలే అన్నారు. కాని అంతవరకు నర్మద పేరు విననివాళ్ళు ఆమె వ్రాసినందువల్ల విన్నారు.

మన దగ్గర? 2019లో నల్లమల అడవుల్లో యురేనియం తవ్వుతారన్న వార్త వచ్చినప్పుడు చెంచులు, రైతులు, విద్యార్థులతోబాటు కవులు, రచయితలు, సినిమావాళ్ళు గూడ గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్ల కోసం మనలాంటి విద్యార్థులే దెబ్బలకు ఓర్చి నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకటం ఆపమన్నది. మాట పనిచేస్తుంది, మిత్రులారా! ఎప్పుడూ కాదు. కాని కొన్నిసార్లు పనిచేస్తుంది.

ఇక నేను ఒప్పుకుంటానన్న సగం. రోడ్డెక్కిన రచయిత ఇంటికొచ్చి కలం పట్టినప్పుడు జెండాను వాకిట్లో పెట్టి లోపలికి రావాలి. లేకపోతే పాత్రలన్నీ ఉపన్యాసాలు ఇస్తాయి. మంచి రైతు, చెడ్డ కంపెనీ, చివరలో ఒక మొక్క నాటటం! ఇటువంటి కథలు మన సంచికల్లోనే ఎన్ని చదవలేదు? నేనూ ఒకటి వ్రాశాను, చించేశాను. ఎందుకు చించానో తర్వాతి మాటల్లో చెబుతాను.

మా ఇంట్లో రెండు నిజాలు

మల్లన్నసాగర్ మనందరికీ తెలుసు. 50 టీఎంసీల జలాశయం. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. అంతకుముందు 2020లో రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ నిండాయి. నది పక్కన లేని సిద్దిపేటకు గోదావరి నీళ్ళు వచ్చాయి. నేను ఐదో తరగతి చదివేటప్పుడు మా ఊళ్ళో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్ళు నాకు తెలుసు. ఇప్పుడు మా చెరువు ఎండాకాలంలోనూ ఎండదు. నేను ఈ కళాశాలలో చదువుతున్నానంటే అందులో ఆ నీళ్ళ పాలు వుంది. ఇది మొదటి నిజం.

రెండో నిజం: ఆ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, ఎర్రవల్లి, సింగారం మొదలైన ఊళ్ళు పోయాయి. మా అమ్మమ్మ ఊరు అందులో ఒకటి. ఇప్పుడామె కాలనీలో వుంటున్నది. సిమెంటు రోడ్డు వుంది, నల్లా వుంది. కాని బతుకమ్మ పండుగ వచ్చిందంటే ఆమెకు దిగులు. ఊళ్ళో ఐతే చేను గట్ల మీద గునుగు, గుట్ట మీద తంగేడు, చెరువు కట్ట మీద ఆట. ఇప్పుడు పువ్వు బజార్ల కొనాలె. "పైసలిచ్చి కొన్న పువ్వుతోని బతుకమ్మ ఏందిరా?" అంటుంది. ఆమెను ఒకసారి కట్ట మీదికి తీసుకుపోయాను. అంత నీళ్ళను చూసి చేతులు జోడించి గంగమ్మకు మొక్కింది. మొక్కి, "మా ఇల్లు ఏ దిక్కున వుండెనో ఎరుకైతలేదు" అని ఏడ్చింది. ఒకే మనిషి, ఒకే నీళ్ళు, ఒకే నిమిషం! మొక్కు నిజమే, ఏడుపూ నిజమే.

నేను చించేసిన కథలో ఏడుపు మాత్రమే వున్నది. అంచేత అది అబద్ధం.

ఇంకొక మాట గూడ చెప్పాలి. దొరను వెదుకుతున్నాం గదా! వరి మడిలో నీళ్ళు ఎప్పుడూ నిలిచి వుంటే ఆ బురదలో గాలి అందక మీథేన్ వాయువు పుడుతుందని మన రసాయనశాస్త్రం పుస్తకంలోనే వుంది. భూమిని వేడెక్కించటంలో అది వందేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు బలమైనది. నీళ్ళు వచ్చాయని మా ఊరంతా రెండు పంటలూ వరే. ఆ గోదావరి నీళ్ళను వందల మీటర్లు పైకి ఎత్తడానికి కరెంటు. ఆ కరెంటుకు బొగ్గు. ఆ బొగ్గు సింగరేణిది, అందులో మన అన్నదమ్ముల చెమట. చేనులో గునుగు లేకుండా పోయింది కాలనీ వల్ల మాత్రమే కాదు. గడ్డిమందు కొట్టిన చేతుల్లో మా నాయిన చేతులూ వున్నాయి, సెలవుల్లో నా చేతులూ వున్నాయి.

మరి మేమే దొరలమా? కాదు! లెక్క లెక్కే. మన దేశంలో మనిషి ఒకడు ఏడాదికి రమారమి 2 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారణమైతే, అమెరికాలో 14 టన్నులు. ఆ 2 టన్నుల సగటులో గూడ పట్నంలో మూడు కార్లున్నవాడూ, సైకిలు గూడ లేని మా అమ్మమ్మా కలిసే వున్నారు. దొర వున్నాడు. చాలా దూరాన, చాలా అంతస్తుల మేడలో వున్నాడు. కాని వాడి నీడ పొడుగ్గా సాగి మా బోరు మోటారు స్విచ్చి దాకా వచ్చింది. పాత నవలలో దొర గడీలో వుండేవాడు, మనం బయట వుండేవాళ్ళం. కొత్త నవలలో గడీ తలుపు ఎక్కడ మొదలవుతుందో, మన వాకిలి ఎక్కడ ఆగుతుందో గీత గీయటం కష్టం. ఆ కష్టమైన గీతను గీయగల నవలాకారుడు తెలుగుకు కావాలి. కోపాన్ని వదలకుండానే, తన చేతుల్ని గూడ తాను చూసుకోగల రచయిత. చేతుల్ని చూసుకున్నంత మాత్రాన కోపం తగ్గిపోదు, సరియైన చోటికి పోతుంది.

మనం చేయగలిగింది

పెద్దలకు సలహాలిచ్చి వూరుకుంటే బాగుండదు. మనం చేయగలిగిన పనులు నాకు తోచినవి చెబుతాను.

ఒకటి. మనలో ఎక్కువమంది పల్లెలనుంచి వచ్చినవాళ్ళం. మన తాతలకు కార్తెలు నోటికి వచ్చు. ఏ కార్తెలో ఏం విత్తేవారు, ఎప్పుడు వాన వచ్చేది, ఎప్పటినుంచి తప్పింది — ఇవన్నీ వాళ్ళతోనే పోతున్నాయి. ఒక్కొక్కరం ఒక నోటుబుక్కు పెట్టి మన ఊరి వాన లెక్క వ్రాద్దాం. సైన్సువాళ్ళకు అది పరిశీలన. రేపు కథ వ్రాసేవాడికి అది ముడిసరుకు.

రెండు. ముంపు ఊళ్ళ ముసలివాళ్ళ మాటలు సేకరిద్దాం. బావుల పేర్లు, గట్ల పేర్లు, పొలాల పేర్లు. నీళ్ళ కింద పోయిన ఊళ్ళకు కనీసం కాగితం మీదనైనా ఒక పటం వుండాలి. వచ్చే యేడు సంచికలో పది పుటలు అందుకు కేటాయించమని సంఘాన్ని కోరుతున్నాను.

మూడు. సైన్సు లెక్చరర్లు, తెలుగు లెక్చరర్లు ఒకే వరండాలో ఎదురుపడి నమస్కారం పెట్టుకొని వెళ్ళిపోతారు. ఏడాదికొకసారైనా ఒకే వేదిక మీద కూర్చొని ఈ విషయం మాట్లాడండి, సార్! మేము కింద కూర్చొని వింటాం. 'జిగిరి', 'దృశ్యాదృశ్యం' వంటి నవలలు లైబ్రరీలో ఒక్కొక్క ప్రతి కాదు, ఐదేసి ప్రతులు వుండాలి.

నాలుగు. మనలో కథలు వ్రాసేవాళ్ళున్నారు. ప్రేమకథలు వ్రాయవద్దని నేననను. వ్రాయండి. కాని ఆ అబ్బాయీ అమ్మాయీ కలుసుకునే సాయంత్రం ఎంత ఎండ వుందో, ఆ అమ్మాయి వాళ్ళ నాయినకు ఆ యేడు పంట వచ్చిందో లేదో గూడ వ్రాయండి. ప్రేమ గూడ ఈ ఎండలోనే గదా జరిగేది!

చివరగా మా నాయిన సంగతి. ఆ యేడు రాళ్ళవానలకు దెబ్బతిన్న పంటకు ఎకరాకు 10,000 రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. మా పెట్టుబడి అంతకు రెట్టింపు దాటింది. నాయిన మళ్ళీ విత్తాడు. మొన్న సెలవులకు పోయినప్పుడు ఈ వ్యాసం చిత్తుప్రతి ఆయనకు చదివి వినిపించాను. దూరపు దొర సంగతి విని తల ఊపాడు. మీథేను సంగతి విని కొంచెంసేపు మౌనంగా వున్నాడు. తర్వాత అన్నాడు:

"అంటే ఇండ్ల నా పాలు గూడ ఉన్నదన్నట్టు."

"ఉన్నది నాయినా. కొంచెం."

"మరి గా పెద్ద పాలు ఉన్నోడు గిట్లనే కూసోని లెక్క జూసుకుంటాండా?"

ఈసారి గూడ నా దగ్గర జవాబు లేదు. కాని ఆ ప్రశ్న ఒక నవలకు సరిపోతుందని నాకు తెలుసు. దాన్ని వ్రాసేవాడు మన తరగతి గదుల్లోనే, ఏదో వెనక బెంచీలో కూర్చొని వున్నాడని, లేదా కూర్చొని వున్నదని నా నమ్మకం. ఆ మనిషి ఈ సంచిక చదువుతూ వుంటే ఒక్క మాట: త్వరగా మొదలుపెట్టు, మిత్రమా! మిరుగం దగ్గర పడింది.